వీథిబడి సీమకు బోయి వచ్చిన వృత్తాంతము

దొరలు రాకమునుపు దేశమున చదువే లేదనువారు మనలో గొందరు. ఉన్న చదువునెల్ల దొరలే చెరచిరనువారు మరికొందరు. ఈ రెండును సగము మాటలే. చరిత్రమును నిదానించి చూచినచో, ఇంగ్లండు దేశపు పేదబిడ్డల చదువునకు మన వీథిబడి యొక విధమున గురువైనదనియు, పిదప నా శిష్యుడే గురువై మనకడకు మరలివచ్చి మంచిని జెడ్డను గలిపి నేర్పెననియు దెలియగలదు. ఈ వృత్తాంతము సంఘములు నడుపువారికిని, సంఘములకు ధనమిచ్చువారికిని మిక్కిలి యుపయోగించునది గావున సంగ్రహముగా నిచట విన్నవించుచున్నాడను.

మన పూర్వపు వీథిబడికి భవనము లేదు. కలవారి యింటి యరుగో, గుడి మండపమో, చెట్టునీడయో పాఠశాల. బాలుడు తొలుత నిసుకలో వ్రేలితో గుంట ఓనమాలు దిద్దును. పిదప పలకయు, ఆపైన తాటియాకును గంటమును బట్టును. ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానికి నేర్పును. ఒకడు ఎక్కము చెప్పగా దక్కినవారు వల్లింతురు. పంతులొక్కడే యైనను పలువిధముల బిడ్డలకు బాఠములు నడచుచుండెను. కోదండము వేయుట మొదలగు క్రూరశిక్షలును ఆ బడిలో నుండెను. వానిని మనము దాచిపెట్టనక్కరలేదు.

1787లో స్కాట్లండు దేశస్థుడగు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మనదేశమునకు వచ్చెను. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరునందు సోల్జర్ల యనాథబాలురకై పెట్టబడిన పాఠశాలకు అధ్యక్షుడయ్యెను. అచటి యుపాధ్యాయులు ఆయన చెప్పినట్లు చేయరైరి. ఈ దేశపు బడిపిల్లలు ఇసుకలో వ్రేళ్ళతో నక్షరములు దిద్దుచుండగా జూచి, ఆయన ఆ పద్ధతిని దన పాఠశాలలో బ్రవేశపెట్టగోరెను. పెద్దవారివలన నది సాగకపోగా ఎనిమిదేండ్ల బాలుని నొకనిని జిన్నవారికి గురువుగా నియమించెను. పని చక్కగా సాగెను. బెల్ 1796లో స్వదేశమునకేగి, 1797లో ఈ ప్రయత్నమునుగూర్చి యొక చిన్న గ్రంథము ప్రకటించెను. అచ్చట దీనికి మద్రాసు పద్ధతియని పేరు వచ్చెను. ఆయన జన్మస్థానమగు సెయింట్ ఆండ్రూసు పట్టణమున ఆయన ధనముతో వెలసిన పాఠశాల నేటికిని మద్రాస్ కాలేజియనియే పిలువబడుచున్నది.

ఆ కాలమున ఇంగ్లండులో బీదల చదువు ప్రభుత్వమువారి పనికాదు. 1798లో జోసెఫ్ లాంకాస్టరు అను క్వేకరు మతస్థుడు లండనునగరమున నిట్టి పద్ధతితోనే పేదలకు బడి నడపెను. ఆతని పక్షమువారి సంఘము 1814లో బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీయను పేరు దాల్చెను. రాజమతమగు ఆంగ్లికన్ చర్చివారు 1811లోనే నేషనల్ సొసైటీని స్థాపించియుండిరి. ఇరుపక్షములవారును జందాలు ప్రోగుచేసి యూరూర బడులు పెట్టిరి. పెద్దబాలురు చిన్నబాలురకు జెప్పుటచే వ్యయము స్వల్పము. ఒక్క గురువుతో వందలకొలది బిడ్డలు చదువుచుండిరి. ఆ దాతల యుపకారము గొప్పది. కాని యీ పక్షమువారికి ఆ పక్షమువారిపై స్పర్ధ మెండు. చందాలు దొరకినచోట బడి లేచెను, దొరకనిచోట లేవలేదు. ఏ పక్షమునకును గావలసినవాడు గాని కూలివాని బిడ్డ యెవరి లెక్కలోనికిని రాడయ్యెను.

ఇంచుమించుగా నదే కాలమున మనదేశపు బడులకును లెక్క తీయబడెను. చెన్నరాజధాని గవర్నరగు సర్ తామస్ మన్రో 1822 జూన్ 25న కలెక్టర్ల నందరను బడుల పట్టికలు పంపుడని కోరెను. ఆ పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతరకులములవారు, మహమ్మదీయులు అని వేర్వేరు గళ్ళు. బాలురకును బాలికలకును వేర్వేరు గళ్ళు. మన్రో 1826 మార్చి 10న వ్రాసిన లేఖ ననుసరించి 1,28,50,941 జనమునకు 12,498 పాఠశాలలును, వానిలో 1,88,650 విద్యార్థులును ఉండిరి. మన ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలో జేరెను. 1970లో దన పేరనే వెలసిన జిల్లాకు ముఖ్యపట్టణమై, 1972లో నా జిల్లా ప్రకాశము పంతులుగారి పేరు దాల్చుట మనమెరిగినదే.

తెలుగుభాషకు 1816లో ఇంగ్లీషున వ్యాకరణము రచించిన కాంబెల్ దొర యప్పుడు బళ్ళారి కలెక్టరు. 1823 ఆగస్టులో నాయన పంపిన నివేదిక మిక్కిలి వివరమైనది. ఆ జిల్లాలో 533 బడులు. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. విద్యార్థులు 6,641 మంది. వారిలో హిందువులు 6,398 మంది కాగా, ఆ హిందువులలో బాలికలు 60 మంది మాత్రమే. పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పుచు దమ చదువును దృఢపరచుకొనుట శ్లాఘ్యమనియు, ఇంగ్లండు దానిని ననుకరించుట తగియున్నదనియు నాయన స్పష్టముగా వ్రాసెను. బిడ్డలు అర్థము తెలియకయే పద్యములు వల్లించుట లోపమని కూడ జెప్పెను. పూర్వము బడులున్న యూళ్ళలో నిప్పుడు బడులు లేకపోవుటకు దేశము బీదదగుటయే కారణమనియు, సీమగుడ్డ దిగుమతిచే నేతపనివారి యాదాయము తగ్గినదనియు నొప్పుకొనెను.

ప్రత్తి పండించు సీమవారమగు మనము ఈ మాటను దాటిపోరాదు. ఆ సీమగుడ్డకు నూలు వడికిన మిల్లులలో నెవరు పనిచేసిరి? 1819 నాటి చట్టము తొమ్మిదేండ్లలోపు బిడ్డలను మాత్రమే ప్రత్తిమిల్లులనుండి తప్పించెను. తొమ్మిదేండ్లు నిండినవాడు దినమునకు 12 గంటలు పనిచేయవచ్చును. 1844 చట్టముతో మిల్లుబిడ్డలకు సగము దినము పనియు, సగము దినము బడియు నేర్పడెను. ఈ సగపుచదువు 1918 చట్టముచే గాని రద్దుకాలేదు. ఇచ్చట మగ్గము నిలిచి బడి మూతపడెను. అచ్చట మరమగ్గము నిలువకుండుటకై బడి సగమయ్యెను. రెండుచోట్లను నష్టపడినది పేదబిడ్డయే.

ఇక శిష్యుడు గురువైన కథ. ఇంగ్లండు ప్రభుత్వము 1833లో 20,000 పౌనులు బడులకు సహాయముగా నిచ్చెను. 1839లో తనిఖీదారులను నియమించెను. 1862లో రాబర్ట్ లో అను మంత్రి యొక క్రొత్త నియమావళిని దెచ్చెను. తనిఖీదారు వచ్చి బిడ్డలను జదువు, వ్రాత, లెక్కలయందు బరీక్షించును. ఎందరు నెగ్గిరో దానినిబట్టి బడికి ధనము వచ్చును. దీనివలన నుపాధ్యాయుడు పరీక్షకు వచ్చు పాఠమును మాత్రమే వల్లింపజేయ మొదలిడెను. స్వయముగా దనిఖీదారుడైన మాథ్యూ ఆర్నాల్డు కవి దీనిని దీవ్రముగా ఖండించెను. ఈ ఫలితానుసార గ్రాంటు పద్ధతియే మన చెన్నరాజధానికి దిగుమతియై, 1882 నాటి హంటరు కమీషను కాలమునకు బ్రాథమిక పాఠశాలలలో బాతుకొనియుండెను. కాంబెల్ దొర లోపమని చెప్పిన వల్లెవేత యిట్లు సర్కారు ముద్రతో మరల మనకు వచ్చినది. నేటి మార్కుల వెఱ్ఱికి దీనితో జుట్టరికము లేదని యెవరు చెప్పగలరు?

ఇంగ్లండువారు తమ తప్పును దాము దిద్దుకొనిరి. ఆ శతాబ్ది చివర నీ పద్ధతి వారిచేతనే విడువబడెను. 1870లో ఫార్‌స్టరు చట్టము వచ్చెను. సంఘములు పెట్టిన బడులను దీసివేయక, అవి చాలనిచోట్ల స్థానిక స్కూలు బోర్డులు బడులు పెట్టవలెనని యా చట్టము శాసించెను. అనగా, ఎవరికిని గాని బిడ్డను దొలిసారిగా దేశము లెక్కపెట్టెను. 1880లో పదేండ్లవరకు చదువు నిర్బంధమయ్యెను. 1891 చట్టముతో నించుమించుగా బ్రాథమిక పాఠశాలలన్నిట జీతము లేకుండెను. 1918లో పదునాలుగేండ్లవరకును, 1947లో పదునైదేండ్లవరకును, 1972లో పదునారేండ్లవరకును గడువు పెరిగెను. 1944 చట్టముచే ఉన్నతపాఠశాల చదువును సర్కారుబడులలో నుచితమయ్యెను. చందాలతో నారంభమైన పని చట్టముతో బూర్తియగుటకు నూరేండ్లకు పైగా బట్టినది.

మనకు మరింత యాలస్యమయ్యెను. గోఖలేగారు 1911లో బ్రవేశపెట్టిన నిర్బంధవిద్యా బిల్లు 1912లో ద్రోసివేయబడెను. 2002లో రాజ్యాంగమును సవరించి చదువును బిడ్డల హక్కుగా జేసిరి. 2009 నాటి చట్టము 2010 ఏప్రిలు 1నుండి యమలులోనికి వచ్చెను. చట్టము వచ్చినది; బిడ్డలందరును బడిలో నిలిచిరా?

ఈ ప్రశ్నకు మన యూరి చరిత్రమునుండియే యొక దృష్టాంతము చెప్పెదను. 1866లో ఒంగోలున గాపురముండవచ్చిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బడిలో మొదట నగ్రకులముల బాలురు చదువుచుండిరి. కొలదికాలములోనే మాదిగలు క్రైస్తవులై వచ్చి చేరగా, నగ్రకులములవారు తమ బిడ్డలను మాన్పించుకొనిరి. బిడ్డకు జదువు పోయినను సరియే గాని ప్రక్కన నా బిడ్డ కూర్చుండరాదనిరి. ఒక కులమును వ్రేలెత్తి చూపుటకు దీనిని వ్రాయుటలేదు. ఆనాడు బిడ్డలను మాన్పించినవారిలో మన పూర్వులు లేరని మనలో నెవరు ప్రమాణము చేయగలరు?

కులసంఘములు చేసిన మేలు తక్కువది కాదు. వసతిగృహములు లేకున్నచో బల్లెటూరి బాలురెందరో పట్టణమున జదువజాలకుందురు. ఆ దాతలకు మనము ఋణపడియున్నాము. కాని యింగ్లండు సంఘముల కథ మనకు హెచ్చరిక. తన వారికి దాను చేయుట ధర్మమునకు మొదలే గాని తుద కాదు. మన నిధిలో నధికభాగము మార్కులు వచ్చినవారికి బహుమతులుగా బోవుచున్నది. నెగ్గినవానికే ధనమిచ్చు 1862 నాటి పద్ధతికిని దీనికిని భేద మేమి? మిరపకోతల కాలమున దల్లివెంట పొలమునకు బోయి మరల బడికి రాని బాలికకు, వలసకూలీల బిడ్డకు, మన సంఘపు పద్దులో గడి కలదా?

కావున నాదొక విన్నపము. మన వసతిగృహములో గొన్ని స్థానములను ఏ సంఘమునకును జెందని బిడ్డలకు విడువవలెను. ప్రతి గ్రామశాఖయు దన యూరిలో బడి మానిన బిడ్డలను లెక్కించవలెను. వచ్చు సంవత్సరపు సంచికలో దాతల పట్టిక కెదురుపుటలో నా సంఖ్యను, కులపు గడి లేకుండ, అచ్చువేయుదుము గాక.