ఉదయగిరి, ఆత్మకూరు సీమలలోఁ దోడునీడల చరిత్రము

ఈ వార్షిక మహాసభా సంచికకు మన సీమచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు మమ్ముఁ గోరిరి. మేము ముప్పదియేండ్లకుఁ బైగా పాఠశాలలలో సంస్కృతాంధ్రములను బోధించి విశ్రాంతిఁ గొనుచున్నవారము, చరిత్రపరిశోధకులము కాము. అయినను ఊరూరఁ దిరిగి శాసనపు రాళ్లను జదువుట మాకుఁ జిరకాలపు వ్యసనము. ఇట్టి సంచికలలోఁ గులోత్పత్తిని, గోత్రములను, పూర్వరాజులతోడి సంబంధమును వర్ణించుట యాచారము. ఆ పనిని మాకంటెఁ బెద్దలు లెస్సగాఁ జేసియున్నారు. మేము వేఱొక ప్రశ్నను విచారింప నెంచితిమి. ఈ మెట్టసీమలో మనుష్యుఁడు మఱియొక మనుష్యుని "మనవాఁడు" అని పిలుచుట యెట్లు నేర్చెను? ఈ ప్రశ్నకును నేఁటి మహాసభ యెదుట నున్న విద్యార్థివసతిగృహపు తీర్మానమునకును దగ్గఱి సంబంధము గలదు. ఆ మాటను దుదను విన్నవింతుము.

పడమట వెలిగొండలు గోడవలె నిలిచి యుండఁగా, వాని తూర్పుపాదమున నుదయగిరి సీమయు, దాని కాగ్నేయముగాఁ బెన్నానది దెస నాత్మకూరు సీమయు వ్యాపించి యున్నవి. ఆశ్వయుజ కార్తికములలోఁ గురియు వానలే మన కాధారములు. అవి తప్పినచో నేఁడాది తప్పినట్లే. కాఁబట్టి కురిసిన నాలుగు దినముల నీటిని కట్టవేసి నిలుపుకొనుటయే యీ సీమలో బ్రదుకు. ఇండ్లు ఎవరికి వారు కట్టుకొనవచ్చును. బావి యొక కుటుంబము త్రవ్వుకొనవచ్చును. చెఱువు మాత్ర మొంటరిచేతఁ గాదు. మన పెద్దలకు సంఘమనఁగా నేమో మొదట నేర్పిన గురువు చెఱువే యని మా నమ్మకము.

ఉదయగిరి యనఁగానే జనులు దుర్గమును, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి దానిని గైకొన్న జయమును దలంతురు. అంతకు నూటయేఁబదేండ్లు ముందుగనే యీ గిరి యొక రాజ్యమునకుఁ బీఠము. విజయనగరస్థాపకుల వంశీయుఁడగు రెండవ సంగముఁ డిచ్చట నేలుచుండఁగా, వేదభాష్యకర్తయగు సాయణాచార్యు లాతని మంత్రియై యుండిరి. పిదప బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు, భవదూర నామాంతరుఁడు, ఉదయగిరినుండి తూర్పుసీమను బాలించెను. ఆతఁడు నేఁటి కడప జిల్లాలోని పోరుమామిళ్లయందుఁ గట్టించిన చెఱువు నేఁటికిని నీరు పట్టుచున్నది. ఆ చెఱువునకు సంబంధించి 1369లో వెలసిన సంస్కృతశాసనమును మేము పలుమాఱులు చదివితిమి. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలివారును, నూఱు బండ్లును పనిచేసినట్లు దానిలోఁ గలదు.

అంతకంటె వింతయైన విషయ మొకటి గలదు. ఆ శాసనము మంచి చెఱువునకుఁ బండ్రెండు సాధనములను, ఆఱు దోషములను బేర్కొనుచున్నది. ధర్మమెఱిఁగిన రాజు, జలశాస్త్ర మెఱిఁగిన పండితుఁడు, గట్టినేల, దూరమునుండి వచ్చు తీయనీటి యేఱు, కట్టకుఁ దగిన కొండలనడిమి యెడము, దగ్గఱ ఱాతిగని, దిగువను సమమైన సారవంతపు నేల మొదలగు వానిని జెప్పి, తుదకుఁ గట్టుపనియందు నేర్పుగల జనసమూహమును గూడ సాధనముగా నెన్నినది. రాజుతో మొదలిడి కూలివానితో ముగించిన యా లెక్క మాకు మిక్కిలి నచ్చినది. ఇఁక దోషములు: కట్టనుండి నీ రూఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, నడుమ మిట్టయుండుట, నీరు కొంచెమై నేల విస్తారమగుట, నీరు విస్తారమై నేల కొంచెమగుట. ఈ యాఱింటిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును.

కట్టిన చెఱువును గాపాడుటకును మన పెద్దలు మార్గము లేర్పఱచిరి. చెఱువు త్రవ్వించి దానిని బాగుచేయుచుండువారికి దశబంధమను మాన్యము నిచ్చుచుండిరి. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలసెట్టిగారలు మూఁడు సంపుటములుగాఁ బ్రకటించిన నెల్లూరు శాసనములలో నీ రెండు సీమల దానశాసనములును జేరియున్నవి. కుడిమరామతు అను నాచారముచొప్పున రైతు లింటికొక మనిషిగా వచ్చి పూడిక తీసి కాలువ బాగుచేయుచుండిరి. అయితే సత్యమును దాఁచుట మాకు సమ్మతము గాదు. కట్టకు మట్టి మోసిన చేతులన్నియు నూరిబావిలోఁ జేద వేయుట కధికారము గలవి కావు. మాలమాదిగవాడలకు వేఱు బావి; కొన్నియెడల నదియు లేదు. శ్రమకుఁ బిలిచి నీటికిఁ బిలువకపోవుట మన పూర్వచరిత్రములోని లోపము. ఆ లోపమునకు ఫలము కఱవుకాలమునఁ గనఁబడెను.

1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు తప్పినవి. 1878 వఱకు నిలిచిన యా ధాతకఱవులో మదరాసు రాజధానియందుఁ గఱవుచేతను, దాని వెంట వచ్చిన రోగములచేతను సుమారు 35 లక్షలమంది నశించిరని యంచనా. నెల్లూరు జిల్లా జనసంఖ్య 1871 కంటె 1881లోఁ దక్కువగ నుండెను. దొరతనమువారు పనులు పెట్టిరి గాని, సర్ రిచర్డు టెంపులుగారి మతముచొప్పునఁ గూలివానికి దినమున కొక పౌను ధాన్యమును, గొద్దిపాటి రొక్కమును మాత్రమే ముట్టుచుండెను. వైద్యాధికారియగు కార్నిషుగా రది ప్రాణము నిలుపఁజాలదని వాదించినమీఁదట దానిని బెంచిరి.

ఆ కాలమున ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. అచ్చటి యమెరికా బాప్తిస్టు మిషనులోని జాన్ క్లౌ గారు బకింగ్‌హాము కాలువలో మూఁడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకుఁ గొని, వేలకొలఁది నిఱుపేదలకుఁ బని కల్పించిరి. వారిలో మాదిగవారు పెక్కురు. వారికిఁ దమ పేరులు వ్రాసికొని, కూలి చేతికిచ్చి, రోగము వచ్చినచోఁ బలుకరించువా రుండిరి. గంజికై మతము మాఱిరని మనవారిలోఁ గొందఱు నేఁటికిని బరిహసింతురు. క్లౌ గారు కఱవు సాగినంతకాలము బాప్తిస్మము లియ్యక యాపిరి. సహాయపుఁ బనులు ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మయొద్ద నొక్కదినముననే 2,222 మంది చేరిరి. గంజి యయిపోయిన తరువాత వచ్చినవారిని గంజికై వచ్చినవారనుట న్యాయమా? పిదప 1885లో నుదయగిరియందును, 1893లో నాత్మకూరునందును ఆ మిషను స్థానము లేర్పడెను.

మేము సనాతనాచారపరులము, మతవిషయము నిచ్చటఁ జర్చింపము. అయినను జరిత్ర చెప్పు పాఠమును వినకుండరాదు. ఆపదలో నెవఁడు వచ్చెనో వాఁడే మనవాఁడు. పుట్టుక చుట్టమును జేయవచ్చును గాని తోడును జేయఁజాలదు. గంజి మన యిండ్లలోనే యుండినచో వారు దూరము పోవుటకుఁ గారణమేమి?

ఇరువదవ శతాబ్ది యారంభమునఁ దెలుఁగుదేశమందుఁ గులసంఘములు వరుసగా వెలసినవి. 1906లో హైదరాబాదునందు భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి, తరువాత నాదిహిందువుల బిడ్డలకుఁ బాఠశాలలు నెలకొల్పిరి. 1918లో రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికచే రెడ్డి వసతిగృహ మచ్చటనే వెలసెను. పల్లెనుండి పట్టణమునకుఁ జదువుటకు వచ్చిన బిడ్డకుఁ దల దాఁచుకొనుటకు నీడ యెచ్చట? ఆ ప్రశ్నయే యీ సంఘములకు బలము. కులసంఘము పుట్టినది గర్వమునకుఁ గాదు, అన్నమునకు, అక్షరమునకు. ఆ మూలమును మఱచిన సంఘము ఊరేగింపులకును బూలమాలలకును మాత్రమే మిగులును.

మా కనులారఁ జూచిన చరిత్రము నొకదానిని జెప్పెదము. 1990 తరువాత మన జిల్లాలో "అక్షరదీపము" అను పేర వయోజనవిద్య సాగెను. మేము నాఁడు ముప్పదియేండ్ల ప్రాయపు టుపాధ్యాయులము. పగలు బడిలోను, రాత్రి లాంతరు వెలుఁగులోను జదువు చెప్పితిమి. ఆ వాచకములో సారాయివలనఁ జెడిన కాపురములను గూర్చిన పాఠములు గలవు. కలిగిరి మండలమునందలి దూబగుంటలో స్త్రీలు పాఠము చదివి యూరకుండలేదు. 1992లో రోశమ్మ మొదలగువారు ముందు నిలువఁగా సారాయిదుకాణమును మూయించిరి. ఆ నిప్పు ఊరూర నంటుకొనెను. 1993 ఏప్రిలులో మన జిల్లాయందును, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపఁబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపఁబడినది గాని, ఆ స్త్రీలు నేర్చిన యైకమత్యము సడలలేదు. దినమునకు రూపాయి చొప్పున దాఁచు "పొదుపులక్ష్మి" సంఘము లీ జిల్లాలోనే ప్రబలి, రాష్ట్రమంతటను స్త్రీల పొదుపుసంఘములకు దారి చూపినవి.

ఆ దినములలో మా రాత్రిబడికి వచ్చు నొక యిల్లాలు, కొత్తగా నేర్చిన యక్షరములతో, దుకాణమునకుఁ బోవలసిన యాఁడువారి పట్టికను వ్రాయుచుండెను. పేరునకు ఎదురుగాఁ గులము వ్రాయవలదా యని మే మడిగితిమి. పట్టికలలో నట్లు వ్రాయుట మా కలవాటు. ఆమె తల యెత్తకయే, "కులమెందుకు అయ్యవారూ! అందరి మొగుళ్లూ తాగేది ఆ ఒక్క సారాయే గదా" అనెను. మేము చదివిన శాస్త్రములలో దీనికిఁ బ్రత్యుత్తరము దొరకలేదు.

ఇఁక మా సొంతకథ నొకటి విన్నవించి ప్రస్తుతమునకు వత్తుము. 1970 తరువాతి నాళ్లలో మేము పల్లెనుండి యుదయగిరి కొండ దిగువ బాటను బయలుదేఱి పైచదువునకుఁ బోయితిమి. ఒక వసతిగృహమువారు మమ్ము వాకిటనే నిలిపి, మీ శాఖవారికిఁ జోటు లేదని పంపివేసిరి. మా చేత నొక రేకుపెట్టెయు, జొన్నరొట్టెల మూటయు నుండెను. ఆ రాత్రి యొక నూనెయంగడి యరుఁగుపైఁ బండుకొంటిమి. తెల్లవాఱిన పిదప నా యంగడివారే మమ్ము లోనికిఁ బిలిచి, రెండేండ్లు కొట్టు గదిలో నుండనిచ్చిరి. వారు మన కులమువారు గారు. మా గోత్రమేమో వా రడుగలేదు. మాకు సన్నిపాతజ్వరము వచ్చినపు డా యింటి తల్లి పదునొకండు దినములు గంజి కాఁచి పోసినది. ఆ గంజివలన బ్రదికిన దేహమే నేఁడు మీ యెదుట "మన కులపెద్ద" యని శాలువ కప్పించుకొనుచున్నది.

సభ్యమహాశయులారా, పోషకమహాశయులారా! మన విద్యార్థివసతిగృహము విషయమున నిప్పుడు రెండు వివాదములు గలవు. అది యుదయగిరిలోఁ గట్టవలయునా, ఆత్మకూరులోఁ గట్టవలయునా యనునది మొదటిది. అందు మన బిడ్డలకు మాత్రమే చోటీయవలయునా, యితరులకును నీయవచ్చునా యనునది రెండవది. ఆ పోరుమామిళ్ల శాసనపు టాఱు దోషములను మన సంఘమునకు నన్వయించి చూతము.

కట్ట నీరూఱుట యనఁగా లెక్క లేని పైకము. ప్రతి సంచికలోను రాకపోకల లెక్క రూపాయి తప్పక ముద్రింపవలయును. చవుడు నేల యనఁగాఁ బరుషవాక్యము. అందులో నేమియు మొలవదు. రెండు రాజ్యముల పొలిమేరలోని చెఱువు వంటిదే రెండు శాఖల నడిమి మన వసతిగృహము. ఇరువురును దమదనుకొందురు, ఎవరును బూడిక తీయరు. నడిమి మిట్ట యనఁగా నొక్క పెద్దమనిషి ప్రాముఖ్యము. ఆతఁ డుండినంత చోటను నీరు నిలువదు. అందుకే నిర్వాహకులు మూఁడేండ్లకొకమాఱు మాఱుట మంచిది. నీరు కొంచెమై నేల విస్తారమగుట యనఁగా మూలధనము లేని వాగ్దానములు.

ఆఱవది మిక్కిలి ప్రమాదకరము. నీరు విస్తారమై నేల కొంచెమైనచోఁ గట్ట తెగును. మన దాతలదయవలన నిధి పెరిగినది. పల్లెలలో మన బిడ్డల సంఖ్య తగ్గినది, కలిగినవారు నెల్లూరునకును, హైదరాబాదునకును బోయిరి. నిధి నిండి, గదులు ఖాళీగా నున్నచో దాని చుట్టును జేరునది విద్య గాదు, వ్యాజ్యము.

కావున మా విన్నపము లివి. మేము ఉదయగిరి దెసఁ బుట్టినవారము. ఆ యూరిపై మమత మాకుఁ దక్కువ గాదు. అయినను నెల్లూరు బాటపై నుండుటచే నాత్మకూరునకే బిడ్డలు సులభముగా వచ్చి పోఁగలరు, అచ్చటనే కట్టుదము. మావారికిఁ గోపము వచ్చినను మా మతమిది. రెండవది, నాలుగు చోటులలో నొకటి యితరకులముల నిఱుపేదబిడ్డలకు, మాలమాదిగ యానాదివాడలవారితోఁ గూడ, విడువవలయును. పంక్తి యొక్కటి, నీటికుండ యొక్కటిగా నుండవలయును. మూఁడవది, యేఁటేట వానలకు ముందు రెండు సీమలలోను నొక్కొక్క చెఱువునకు మన సంఘముతరఫున నింటికొక మనిషిగాఁ బోయి పూడిక తీయుదము. కుడిమరామతు మరల మనచేతనే మొదలగుఁగాక.

ఇట్లు చేసినచో మన కుల మెచ్చటికిని బోదు. పోరుమామిళ్ల చెఱువును గట్టించిన రాజుపేరు శాసనములో మిగిలినది, అందున్న నీరు మాత్రము పొలములన్నిటికిని బాఱుచున్నది. నీరు పాఱుటవలననే గదా యా పేరును నేఁడు మనము తలంచుకొనుచున్నాము! తలుపు మూసిన వసతిగృహపు ముందు రేకుపెట్టెతో నిలిచిన బాలుఁ డెవ్వఁడైనను మీకుఁ గనఁబడెనేని, ఆతని గోత్ర మడుగకుఁడు. ఆఁకలిగొనియున్నాఁడా యని యడుగుఁడు. మహాసభ జయప్రదమగుఁగాక. సర్వే జనులును సుఖముగా నుందురుగాక.