డిచ్‌పల్లి ఆసుపత్రియు, మన ఇంటి మంచమును



జక్రాన్‌పల్లి నుండి జాతీయ రహదారి మీద హైదరాబాదు దిక్కునకు పోయినచో డిచ్‌పల్లి వచ్చును. ఆ పేరు చెప్పగానే మన ప్రాంతపు ముసలివారికి జ్ఞాపకము వచ్చునది కుష్ఠు ఆసుపత్రి. పూర్వము “డిచ్‌పల్లికి పంపినారు” అని ఎవరినిగూర్చియైన చెప్పుకొనిరంటే, మరి వివరము అడుగనక్కర లేకుండెను.

డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు స్కాట్లండు దేశస్థురాలు, 1875లో జన్మించిరి. భర్తయైన జార్జి కెర్ పాదిరిగారితో 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, 1911లో నిజామాబాదులో కుష్ఠురోగులకు ఒక గృహము తెరచిరి. వచ్చువారికి ఆ చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ గారు పెద్ద మొత్తము దానము చేయగా, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి లేచెను. మన సంఘములలో దీనిని మిషనువారి కార్యముగానే చెప్పుకొందురు. ఆ సొమ్ము ఒక హిందూ సోదరుని చేతినుండి వచ్చినదని మన పిల్లలకు చెప్పుట న్యాయము. దొరసానిగారు 1932లో కన్నుమూసిరి.

ఈ వ్యాధి చర్మమునకు మాత్రమే సంబంధించినదని అనేకులు తలంతురు. అది పొరపాటు. 1873లో నార్వే దేశపు హాన్సెన్ అను వైద్యుడు కనుగొనిన సూక్ష్మజీవి నరములలో కాపురముండును. నరము చచ్చినందున చేయి వేడిని ఎరుగదు, కాలు ముల్లును ఎరుగదు. దెబ్బ తగిలినను తెలియక పుండు పడును. వ్రేళ్లు పోవుట ఆ నొప్పిలేమివలననే. (లేవీయకాండములో పాళెము వెలుపల ఉంచుమనిన రోగము ఇదియేనని చెప్పలేము. అచ్చట పలు చర్మవ్యాధులకు ఒకే పేరున్నది. మనము ఆ పేరు తెచ్చి వీరి నెత్తిన పెట్టితిమి.)

ఇంటిలో చాలకాలము కలిసియున్న పిల్లలకు అంటునను భయముచేత, ఆ కాలపు ఆశ్రమములలో ఆరోగ్యముగల శిశువులను తల్లి ఒడినుండి తీసి వేరొక గృహములో పెంచుట రివాజు. వారిని నిందింపలేము. అప్పటికి ఉన్న మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనెయే, అదియు బాధాకరమైన సూదులతో. 1940లలో డాప్సోను మాత్ర వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చు చికిత్సను నిర్ణయించెను. నేడు ఆ మందు ఉచితము. ఆరంభించిన కొలది కాలమునకే రోగి ఇతరులకు అంటించుట మానును. కలిసియున్నవారికి, 2 ఏండ్లు దాటిన పిల్లలకు సహా, ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చుటను ఆ సంస్థ 2018లో సిఫారసు చేసెను. కాబట్టి తాత తిరిగి ఇంటికి వచ్చెను, మనుమలు ఆయన మంచము చుట్టు చేరిరి. సంతోషమే.

అయితే చదువరీ, ఇన్నాళ్లు మనము రోగినుండి బిడ్డను కాచితిమి. బిడ్డనుండి రోగిని ఎవరు కాచిరి?

మందు ముగిసిన పిమ్మటకూడ కొందరికి నరములు అకస్మాత్తుగా వాచి, జ్వరముతో నొప్పి పుట్టును. దీనిని ఆసుపత్రివారు రియాక్షన్ అందురు. వేరొక అంటువ్యాధి సోకినను అది రేగవచ్చును. అప్పుడు నరము చావకుండ వారములు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇత్తురు. ఆ మాత్ర వాపును అణచును, దానితోపాటు దేహపు కావలిని కూడ నిద్రపుచ్చును. అట్టివానికి మనుమని తట్టుగాని ఆటలమ్మగాని సోకినచో ఊపిరితిత్తులవరకు పోయి ప్రాణము మీదికి రావచ్చును. ఇతర నరముల వ్యాధులకు ఇట్టి మందులు తినువారందరికి ఇదే ప్రమాదము.

మన ఊళ్లలో ఆటలమ్మ పోసిన బిడ్డను వేపాకు పరచి వేరుగా పరుండబెట్టుట వాడుక. వేపాకు సంగతి నేను చెప్పను గాని, వేరుచేయుట తెలివైన పనియే. అయినను అది ఆలస్యమగును. ఆటలమ్మ పొక్కు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందే అంటును, తట్టు నాలుగు దినములు ముందే. కాబట్టి అసలు కంచె బిడ్డ చేతికి వేయు టీకాయే. మన దేశపు టీకాల పట్టికలో తట్టు 1985లో చేరెను. నేడు 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య రెండవది ఉచితముగా వేయుదురు. రెండవదానిని మరచు తల్లులు అనేకులు. తాతకు మాత్రము, ఆ మాత్రలు తినుచుండగా, వైద్యుని అడుగక ఏ టీకాయు వేయింపరాదు. కొన్ని టీకాలలో బ్రతికియున్న క్రిములుండును.

తాతకు చిన్ననాట ఆటలమ్మ పోసినదా అని ముందే అడిగి వ్రాసి ఉంచుడి. బిడ్డకు పొక్కు కనబడిన దినముననే ఆయన వైద్యునికి తెలియజేయుడి. త్వరపడినచో ఇవ్వదగిన మందులు గలవు. భయపడి మాత్రలు ఒక్కసారి మానిపింపకుడి, అది మరియొక అపాయము. బిడ్డ పొక్కులన్నియు ఎండి పెచ్చుకట్టువరకు పినతల్లి ఇంట ఉంచి, ఆ పిమ్మట తాత మంచము దగ్గరకు పోనియ్యవచ్చును.