తొప్పూరు దిగుడు

ధర్మపురి దాటావు. అనంతపురంలో ఎక్కించిన లోడు వెనక బరువుగా ఊగుతోంది. సేలం వైపు 44వ నంబరు జాతీయ రహదారి నున్నగా సాగుతోంది. మీటరు మీద 70. ఇలాంటి నాలుగు వరసల రోడ్డుకు సరుకు లారీల గరిష్ఠ వేగం 80 అని కేంద్రం 2018లోనే చెప్పింది.

బోర్డు వచ్చింది. తొప్పూరు ఘాట్. భారీ వాహనాలకు 30.

అదే రోడ్డు, అదే లారీ. ముప్పయ్యేనా?

"అన్నా, న్యూట్రల్ చేసెయ్. దిగుడే కదా, డీజిల్ మిగుల్తాది," అంటాడు క్లీనర్.

చెయ్యి గేరు మీదికి పోతుంది. ఇప్పుడే తేల్చుకో, కిందికి పోయాక కుదరదు. గేరు తీస్తే ఇంజను లారీని పట్టుకోదు. బరువంతా బ్రేకులదే. 30కి బదులు 80లో ఉంటే లారీ గతిశక్తి ఏడు రెట్లు, ఆపాలంటే అదంతా బ్రేకులే మింగాలి. తొక్కేకొద్దీ డ్రమ్ములు కాలతాయి, లైనింగు పట్టు వదిలేస్తుంది. 2020 డిసెంబరులో ఈ ఘాట్‌లోనే అదుపు తప్పిన లారీ వరసగా బండ్లను గుద్దింది. నలుగురు పోయారు. 2024 జనవరిలో మళ్లీ నలుగురు.

వద్దు. వాలు మొదలవకముందే బ్రేకు తొక్కుతావు. మూడో గేరు. ఇంజను గర్జిస్తుంది. 30.

ఇంకో బోర్డు: ముందు కెమెరా. ఇలా ముందే చెప్పాలన్నది 2021 నిబంధన. ఆ కెమెరా లారీ మీదికి రేడియో తరంగాలు వదులుతుంది. తగిలి తిరిగొచ్చిన తరంగంలో తేడాను బట్టి నీ వేగం తెలుసుకుంటుంది. నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది. హద్దు దాటితే పదిహేను రోజుల్లోపు నోటీసు, పెద్ద బండికి 2,000 నుంచి 4,000 దాకా జరిమానా.

కానీ అది లారీని ఆపలేదు.

వెనక హారన్. ఆగకుండా. అద్దంలో ఓ లారీ. పెద్దదవుతోంది. కాలిన వాసన.

"అన్నా! బ్రేకుల్లేవు వాడికి!"

ఎడమకి జరుగు. ఇంకా. గేరు వదలొద్దు. ముందు కార్లు. హారన్ కొట్టు. లైట్లు వెయ్యి. జరగండి, జరగండి!

దాటింది. అద్దం ఊడిపోయింది. కార్లు చీలాయి. వాడు మట్టిగట్టుకేసి తిప్పాడు. రాసుకుంది. నిప్పులు. ఆగింది.

బండి పక్కకి పెట్టి పరుగెత్తుతావు. క్లీనర్ వాళ్ల టైరు కింద రాళ్లు పెడతాడు. కుర్ర డ్రైవర్ వణుకుతున్నాడు. బతికే ఉన్నాడు.

"గేరు ఎక్కడ తీశావు తమ్ముడూ?"

"పైనే, అన్నా. 30 బోర్డు కాడ."

"డ్రమ్ములు చల్లారేదాకా, మెకానిక్ చూసేదాకా బండి కదిలించొద్దు," అని చెప్పి, పోలీసులకు ఫోన్ చేసి, నీ సీటెక్కుతావు. ఘాట్ ఇంకా మిగిలే ఉంది. మూడో గేరు.