నాలుగు కిలోమీటర్ల ఉమ్మడి కుటుంబము

సింగపూరు చరిత్రను మనవారు ఓడరేవుతోను వర్తకముతోను ఆరంభింతురు. ఇచ్చట కాపురముండు నావంటివానికి మాత్రము అది ఇండ్లతో మొదలైనట్లు తోచును. 1961 మే 25వ తేదీన, బక్రీదు పండుగనాడు, బుకిట్ హో స్వీ అను పేదల వాడలో రగిలిన అగ్ని చెక్కగోడలను, ఆకుకప్పులను కబళించి, సుమారు 16,000 మందిని నిరాశ్రయులను గావించెను. అంతకు పూర్వసంవత్సరము ఫిబ్రవరిలోనే అవతరించిన గృహనిర్మాణ మండలి, ఇచ్చట అందరి నోటను హెచ్.డి.బి.గా వినవచ్చునది, ఏడాది తిరుగకమునుపే ఆ బాధితులకు క్రొత్తయిండ్లు చూపి, మొదటి ఐదేండ్లలో 50,000కు పైగా గృహములను నిర్మించెను. నేడు ఈ ద్వీపవాసులలో పదింట ఇంచుమించు ఎనమండుగురు ఆ మండలి కట్టిన ఫ్లాట్లలోనే నివసించుచున్నారు.

ఇంత మహోపకారము వెంట ఒక నష్టమును రాకపోలేదు. పూర్వపు కాంపుంగులలో, అనగా ఇచ్చటి పల్లెవాడలలో, కొడుకునకు పెండ్లియైనచో చూరు కొంచెము దింపి, నాలుగు పలకలు బిగించి, మరియొక గది చేర్చుకొనెడివారు. కాంక్రీటు గోడకు చూరు దింప వీలుగాదు. పిల్లలు వేరొక క్రొత్తపట్టణమున ఫ్లాటు సంపాదించుకొని పోగా, ముసలివారు ఉన్నచోటనే మిగిలిపోయిరి. దీనికితోడు 1972లో ఇద్దరు బిడ్డలు చాలునని ప్రభుత్వమే ఊరెల్ల చాటి, జననములు మితిమీరి తగ్గినపిదప, 1987లో స్తోమతు గలవారు ముగ్గురిని గాని అంతకు మించి గాని కనుడని మాట మార్చుకొనవలసివచ్చెను. జనులు మొదటి మాటనే విని, రెండవ మాటను పెడచెవిని బెట్టిరి. 2030 నాటికి పౌరులలో నలుగురికొకరు అరువదియైదేండ్లు దాటినవారగుదురని అధికారుల అంచనా.

విడదీసిన చేతులే మరల కలుపుటకు పూనుకొనుట ఈ దేశచరిత్రలో నాకు మిక్కిలి ఆసక్తి గొల్పు ఘట్టము. 1970 ప్రాంతమునుండి కట్టిన భవనములలో నేలయంతస్తును గదులుగా విభజింపక స్తంభములపై తెరపిగా విడిచిరి. దానిని వాయిడ్ డెక్కు అందురు. అచ్చట ఒకనాడు మలయావారి పెండ్లిభోజనములు, మరియొకనాడు చీనావారి శవజాగరణము, తక్కిన దినములలో చదరంగపు గళ్లు పొదిగిన రాతిబల్లల చుట్టును తాతల కొలువు. బడి విడుచు వేళకు వారిలో సగముమంది ఆటను మధ్యలోనే విడిచి లేచుదురు. మరికొంతసేపటికి ఒక భుజమున మనుమరాలి పుస్తకాల సంచి తగిలించుకొని, వేరొక చేత ఆ పిల్లను పట్టుకొని, బల్ల దగ్గర ఎత్తు ఏమాయెనో ఒకసారి చూచి మరీ లిఫ్టువైపు సాగుదురు.

తరువాత వచ్చిన విధానములన్నియు దూరమును కొలుచు విధానములే. పెండ్లియైన బిడ్డలు తల్లిదండ్రులకు చేరువలో ఇల్లు కోరుకొన్నచో కేటాయింపులో ప్రాధాన్యము. మూడుతరములు కలిసియుండుటకు 2013 నుండి ప్రత్యేకపు ఫ్లాట్లు. 2015 నుండి, పాతయిల్లు కొని తల్లిదండ్రుల సమీపమునకు చేరువారికి ధనసహాయము. 2018లో ఆ సామీప్యమును నాలుగు కిలోమీటర్లుగా నిర్ణయించి, కలిసియుండు కుటుంబమునకు 30,000 డాలర్లు, దగ్గరనుండువారికి 20,000 డాలర్లు ఇచ్చునట్లు చేసిరి. ఉద్యోగినియైన తల్లి తన బిడ్డను అమ్మమ్మకో నాయనమ్మకో అప్పగించినచో ఆదాయపు పన్నులోనే కొంత మినహాయింపు! వాత్సల్యమునకు వెల కట్టుటయా యని మొదట నాకును ఏవగింపు కలిగినది గాని, వెల కట్టక ఊరకుండిన ప్రభుత్వములు వృద్ధులకు ఒరగబెట్టినదియు కానరాదు. తల్లిదండ్రులను గోదావరి యొడ్డున విడిచివచ్చిన మాబోటివారికి ఈ నాలుగు కిలోమీటర్ల లెక్క ఎట్లును వర్తింపదు.

ఈ ప్రయత్నములలో లోకప్రసిద్ధి గాంచినది ఉత్తరమున, అడ్మిరల్టీ రైలుస్టేషను ప్రక్కనే, 2018లో ప్రారంభమైన కాంపుంగ్ అడ్మిరల్టీ. వోహా అను వాస్తుశిల్పుల సంస్థ దీనిని రూపొందించినది. ఆ యేటనే ప్రపంచ వాస్తుశిల్పోత్సవమున ఉత్తమభవనముగా ఎన్నికైనది. రెండెకరములకు కొంచెము మించిన నేలపై, క్రింద ఎండవాన సోకని బహిరంగమంటపము, దానిపై భోజనశాలల సముదాయము, ఆపై వైద్యకేంద్రము, అంతకుపై తోటలు, ఒక వంక వృద్ధులకై 104 చిన్న ఫ్లాట్లు. శిశుసంరక్షణాలయమును వృద్ధుల కేంద్రమును ప్రక్కప్రక్కనే ఉంచుట ఇందలి విశేషము. ఇండ్ల గుమ్మముల కడ ఇరుగుపొరుగులు ముచ్చటించుకొనుటకు బల్లలు సైతము అమర్చిరి. అచ్చట ఆడుకొను పసివారు తమ సొంత మనుమలు గాకపోయినను, వారి కేరింతలు వినవచ్చువైపుననే వృద్ధులు కుర్చీలు జరుపుకొనుట నేను చూచితిని.

అయినను బహుమతులు పొందిన ఆ భవనముకంటె, ఎవరును పొగడని వేరొక పని మిన్న యని నా అభిప్రాయము. పాతభవనములలో వ్యయము తగ్గించుటకై లిఫ్టును ప్రతి అంతస్తునను నిలుపక, కొన్ని అంతస్తులలో మాత్రమే ఆగునట్లు కట్టియుండిరి; నడుమ అంతస్తులలోని ముసలివారు కూరగాయల సంచితో మెట్లు ఎక్కవలసినదే, దిగవలసినదే. మనుమల యింటికి అరకిలోమీటరే దూరమైనను, మోకాళ్లు సహకరింపని అవ్వకు ఆ మెట్లే అగడ్త. 2001లో ఆరంభించిన పథకముచే వేలకొలది భవనములలో లిఫ్టు గుమ్మము గుమ్మమునకు వచ్చినది. వ్యయమున అధికభాగమును ప్రభుత్వమే భరించినను, భవనములోని అర్హకుటుంబములలో నూటికి డెబ్బదియైదు ఓటు వేసి ఒప్పుకొన్నగాని పని మొదలిడరాదని నియమము. కావున లిఫ్టు ఎప్పుడో తమ వాకిటనే ఆగుచున్న అంతస్తులవారిని, మెట్ల బాధ యెరుగని పడుచుదంపతులను గూడ ఒప్పించుటకు, ఆ ముసలివారే ఇల్లిల్లు తిరిగి అడుగవలసివచ్చెను.