కాన్పు నొప్పులకు ఎపిడ్యూరల్: ఏం జరుగుతుంది?

నడుం నొప్పి జీవితాంతం ఉండిపోతుందని, సిజేరియన్ తప్పదని చాలామంది ఎపిడ్యూరల్‌కి భయపడతారు. రెండూ అపోహలే.

మత్తు డాక్టరు ముందు నడుం దగ్గర చిన్న ఇంజెక్షన్‌తో మొద్దుబారేలా చేస్తారు. తర్వాత సూది ద్వారా వెన్నెముకలోకి సన్నని గొట్టం పెట్టి, సూది తీసేస్తారు. ఆ కాసేపూ కదలకూడదు. సుమారు 20 నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. స్పృహ పోదు, ఒత్తిడి తెలుస్తూనే ఉంటుంది.

కాళ్లు బరువెక్కుతాయి. బీపీ తగ్గొచ్చు, వణుకు, దురద రావచ్చు. మూత్రానికి గొట్టం వేయాల్సి రావచ్చు. ముక్కే సమయం కాస్త పెరగొచ్చు. సుమారు 100 మందిలో ఒకరికి, లేచి కూర్చుంటే పెరిగే తలనొప్పి వస్తుంది. దానికి చికిత్స ఉంది.

రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తక్కువున్నా డాక్టరుకి ముందే చెప్పండి. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం నొప్పులు పడే తల్లి ఇష్టమే.