వేగం ముందు, కవచం తరువాత

1976 అక్టోబర్ 21న కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కనున్న పైన్ మౌంటెన్ మీద కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లేసుకుని చేరారు. కొండ దిగడంలో మొనగాడెవరన్న వాదన వాళ్ల మధ్య ఎప్పట్నించో నలుగుతోంది. దాన్ని గడియారం పెట్టి తేల్చేద్దామని చార్లీ కెల్లీ పందెం ఏర్పాటు చేశాడు. అగ్నిమాపక బండ్ల కోసం కొండకు అడ్డంగా చెక్కిన మట్టిరోడ్డు అది. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 400 మీటర్ల దాకా కిందికి దిగిపోతుంది. మలుపు మలుపుకీ రాళ్లు, గండ్లు. ఆ రోజు గెలిచింది ఆలన్ బాండ్స్. కింద పడకుండా చివరిదాకా వచ్చినవాడు అతనొక్కడే. గెలవడానికి అది చాలింది.

వాళ్లవి 1930లు, 40ల నాటి ష్విన్ సైకిళ్లు. లావు టైర్లు, మోయలేని బరువు. పెడల్‌ని వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్‌లోనే బ్రేకు పడుతుంది. ఏటవాలులో ఆ బ్రేకు ఎంత కాగేదంటే, హబ్‌లోని గ్రీజు పొగై పోయేది. ప్రతి పందెం తర్వాతా హబ్ విప్పి కొత్త గ్రీజు కూరాల్సిందే. ఆ పని మీదే దారికి రీప్యాక్, అంటే మళ్లీ కూరడం, అన్న పేరు స్థిరపడింది. వాళ్లలో ఒకడైన గ్యారీ ఫిషర్ దాన్ని 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు పెట్టాడు. సగటు తీస్తే గంటకు 45 కిలోమీటర్ల పైమాటే, అదీ అలాంటి బ్రేకులతో.

మరి ఒంటిమీద? జీన్స్ ప్యాంటు, బూట్లు, చేతికి గ్లోవ్స్. ఆ పందేల ఫొటోల్లో ఎక్కువమంది నెత్తిన జుట్టు తప్ప మరేమీ కనిపించదు. హెల్మెట్ దొరక్క కాదు. థర్మోకోల్ లాంటి తెల్లటి నురగతో బెల్ కంపెనీ సైకిల్ హెల్మెట్‌ని అంతకు ముందు ఏడాదే, 1975లో, మార్కెట్లోకి తెచ్చింది. ఈ కుర్రాళ్ల బుర్రంతా సైకిల్ మీదే ఉంది. 1977లో వాళ్లలోని జో బ్రీజ్ ఈ దారుల కోసమే కొత్త ఫ్రేమ్ తయారుచేశాడు. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి కంపెనీ పెట్టి, టామ్ రిచీ చేసిన ఫ్రేములు అమ్మడం మొదలుపెట్టారు. మౌంటెన్ బైక్ అనే సరుకు అలా పుట్టింది. దాని మీద కూర్చున్న మనిషి సంగతి చూసేవాళ్లు మాత్రం ఇంకా రాలేదు.

1985లో కాలిఫోర్నియాలోనే మామత్ పర్వతం మీద మొదలైన పందేనికి పెట్టుకున్న పేరే కామికాజీ. శత్రు నౌకల మీదికి విమానంతో సహా దూకి చచ్చిన జపాన్ పైలట్ల పేరు అది. ఆ పేరుతో పందెం పెట్టినవాళ్లకు భద్రత మీద ఎంత ధ్యాస ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి అధికారిక మౌంటెన్ బైక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగితే, కొండ దిగే పందెమైన డౌన్‌హిల్‌లో గ్రెగ్ హెర్బోల్డ్ గెలిచాడు. అతని సైకిల్ ముందు ఫోర్కుకి కుదుపులు మింగే రాక్‌షాక్స్ వారి సస్పెన్షన్ ఉంది. అక్కణ్నించి సస్పెన్షన్ పెరుగుతూ పోయింది. ఇప్పటి డౌన్‌హిల్ సైకిల్ చక్రం దాదాపు 200 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ ఆడుతుంది, పైగా హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. పడకుండా కాపాడటానికి వచ్చినవే ఇవన్నీ. కానీ వీటి ధైర్యంతో రైడర్లు ఇంకా వేగంగా దిగారు, పడినప్పుడు ఇంకా గట్టిగా పడ్డారు.

అప్పుడు చూపు మట్టిదారుల మోటార్‌సైకిల్ పందెం, మోటోక్రాస్ వైపు మళ్లింది. ముందు చక్రం రాయికి తట్టుకుంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి ముఖంతోనే నేలని తాకుతాడు. గడ్డాన్ని కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్లు మోటార్‌సైకిల్ వాళ్ల దగ్గర ఎప్పట్నించో ఉన్నాయి. అయితే అవి బరువు. తొక్కుతూ రొప్పే మనిషికి అందులో ఊపిరాడదు. అందుకని గాలి కంతలు పెట్టి, తేలిక చేసి, సైకిల్‌కి సరిపడేలా మలిచారు. డౌన్‌హిల్ హెల్మెట్లకు అమెరికాలో ప్రత్యేక ప్రమాణం కూడా వచ్చింది. మామూలు సైకిల్ హెల్మెట్ కంటే గట్టి పరీక్షలు, గడ్డాన్ని కప్పే భాగానికి విడిగా పరీక్ష. వీటి లోపలా, మన బైకు హెల్మెట్ లోపలా ఉండేది బెల్ వాడిన లాంటి తెల్ల నురగే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగడానికి పట్టే సమయాన్ని కాస్త పెంచుతుంది. నలిగింది మళ్లీ లేవదు కాబట్టి, ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్‌ని మార్చెయ్యాల్సిందే.

నురగ ఒక్కటీ చాలదని తేల్చినవాళ్లు స్వీడన్ వాళ్లు. స్టాక్‌హోమ్‌లో న్యూరోసర్జన్ హాన్స్ వాన్ హోల్స్ట్, ఇంజనీర్ పీటర్ హాల్డిన్ 1990ల నడుమ నుంచి ఈ పని మీద కూర్చున్నారు. నిజంగా పడేవాళ్లు నిట్టనిలువుగా పడరు, ఏటవాలుగా పడతారు. తల గిర్రున తిరుగుతుంది, ఆ తిప్పుడు మెదడుకి చేటు. అందుకే హెల్మెట్ లోపల జారే పలచటి పొర పెట్టారు. దెబ్బ క్షణంలో తల మీద హెల్మెట్ ఓ సెంటీమీటరు పక్కకి జరుగుతుంది, తిప్పుడు తగ్గుతుంది. దాని పేరు మిప్స్. 2007లో మొదట వచ్చింది గుర్రపు స్వారీ హెల్మెట్‌లో. సైకిళ్ల దాకా చేరింది ఆ తర్వాతే.

మోకాలి ప్యాడ్ కథా అలాంటిదే. ఒకప్పుడు గట్టి ప్లాస్టిక్ డిప్పలు కట్టుకునేవారు, తొక్కుతుంటే అవి ఒరుసుకునేవి. బ్రిటన్‌లో 1999లో మొదలైన డీత్రీఓ కంపెనీ తయారుచేసిన పదార్థం మెల్లగా వంచితే మైనంలా వంగుతుంది, హఠాత్తుగా కొడితే బిగుసుకుంటుంది. 2006 శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు మీద స్కీ పందెగాళ్లు దాన్ని తొడుక్కున్నారు. ఇలాంటి మెత్తని ప్యాడ్లు ఇప్పుడు డౌన్‌హిల్ రైడర్ల ప్యాంటు కింద కనిపించకుండా ఇమిడిపోతున్నాయి.

మెడ పట్టీది దక్షిణాఫ్రికా. 2001లో మోటార్‌సైకిల్ రైడ్‌లో తోటి రైడర్ చనిపోవడం చూసిన డాక్టర్ క్రిస్ లియాట్, హెల్మెట్ అంచుని భుజాల మీద ఆపే చట్రం ఒకటి రూపొందించాడు. మెడ హద్దు దాటి వంగకముందే ఆ భారం భుజాలకూ ఛాతీకీ దిగిపోవాలన్నది ఆలోచన. డౌన్‌హిల్‌లో కొన్నేళ్లు చాలామందే వేసుకున్నారు. తర్వాత తల ఎత్తి దారి చూడటానికి అడ్డొస్తోందని అగ్రశ్రేణి రైడర్లు చాలామంది తీసేశారు. ఎవరి మెడ వారిది అనే దగ్గరే ఆ చర్చ ఆగిపోయింది.

ఒకటి గమనించండి. ఫుల్ ఫేస్ మోటోక్రాస్‌ది, మిప్స్ గుర్రాలది, మెత్తని ప్యాడ్ మంచుది, మెడ పట్టీ మోటార్‌సైకిల్‌ది. సైకిల్‌ని మాత్రం తన చేతులతో కొత్తగా కట్టుకున్న ఈ ఆట, ఒంటిని కాపాడేవాటిని ఎక్కువగా పక్కవాళ్ల దగ్గరే అరువు తెచ్చుకుంది. నా లెక్కలో ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సొంతంగా చేసింది నిబంధనలు: పందెంలోనే కాదు, ప్రాక్టీసులోనూ ఫుల్ ఫేస్ తప్పనిసరి. సెకనులో వందో వంతు కోసం ఒంటికి అతుక్కునే లైక్రా సూట్లు వేసుకోవడాన్నీ నిషేధించింది.

ఇంత చేసినా 2008లో ఇటలీలోని వాల్ ది సోలే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, భారీ ఆధిక్యంతో దూసుకొస్తున్న సామ్ హిల్ ముగింపు దగ్గర పొడిమట్టి మలుపులో జారిపడ్డాడు. లేచి, సైకిలెక్కి, మూడో స్థానంలో వచ్చాడు. అందరికీ అలా కుదరదు. పడుతూ చెయ్యి చాచినా, భుజం మీద పడినా తరచుగా విరిగేది కాలర్ బోన్, దాన్ని విరగకుండా కచ్చితంగా ఆపగల కవచం ఇప్పటికీ రాలేదు.