తెలుగునాట గ్రంథాలయోద్యమం: సంఘాలు చేసిన పని

తెలుగు ప్రాంతాల్లో ప్రజలందరికీ తలుపులు తెరిచిన గ్రంథాలయాలు చాలావరకు సర్కారు ఉత్తర్వులతో పుట్టినవి కావు. చదువుకున్న నలుగురు చేరి, తలా కొంత చందా వేసుకొని, ఎవరి ఇంట్లోనో ఒక గది తీసుకొని మొదలుపెట్టినవి. 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చేనాటికి ఈ పని మొదలై అర్ధశతాబ్దం దాటింది.

తొలి ప్రయత్నాలు కోస్తాలో, హైదరాబాదులో దాదాపు ఒకే కాలంలో కనిపిస్తాయి. రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు 1898లో వసురాయ గ్రంథాలయాన్ని నెలకొల్పారు. నేటి గౌతమీ గ్రంథాలయానికి మూలాల్లో అదొకటి. నిజాం రాజధానిలో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు దీనికి పూనుకున్నారు. మొదట రావిచెట్టు రంగారావు ఇంట్లోనే నడిచింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం దీని బాటలోనే వచ్చాయి.

విడివిడిగా నడుస్తున్న ఈ సంస్థలను ఒక తాటిమీదికి తెచ్చిన ఊరు బెజవాడ. 1911లో ఏర్పడిన రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య కార్యకర్తగా తయారయ్యారు. ఆయన పూనికతో 1914 ఏప్రిల్ 10న అక్కడ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే పుట్టింది. బెంగాల్‌లో ఇలాంటి సంఘం 1925లో, మద్రాసులో 1928లో వచ్చాయి. వాటికంటే పదేళ్లకు పైగా ముందే తెలుగువారు ఈ పనికి దిగారు. సంఘం తరఫున వెలువడిన ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక ఊళ్లలోని గ్రంథాలయాలను ఒకదానికొకటి పరిచయం చేసింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడంలోనూ అయ్యంకి కృషే ప్రధానం. నేడు దేశమంతటా నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకోవడం ఆ తేదీకి గుర్తుగానే.

తర్వాతి కాలంలో సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షులుగా ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాన్ని వయోజన విద్యతో ముడిపెట్టారు. అక్షరం రానివాడికి బీరువా నిండా పుస్తకాలున్నా ఒరిగేదేమీ లేదు. అందుకే రాత్రి బడి, పత్రిక పైకి చదివి వినిపించడం, ఉపన్యాసాలు, భజనలు, హరికథలు గ్రంథాలయ కార్యక్రమాల్లో భాగమయ్యాయి. చదువరి రాకపోతే పుస్తకమే అతని దగ్గరికి వెళ్లాలన్న ఆలోచనతో సంచార గ్రంథాలయాలూ నడిచాయి.

ఆ ఆలోచనకు చక్కని రూపం గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం 1935లో నడిపిన పడవ గ్రంథాలయం. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కృష్ణా కాలువలో అది తిరిగేది. ఆ రోజుల్లో డెల్టా ఊళ్లకు కాలువే రాదారి. గట్టు వెంట మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నింపాదిగా సాగేది. అందులో కూర్చున్నవారికి గంటలకొద్దీ తీరిక. ఆ తీరికనే నాగభూషణం చదువుకు మళ్లించారు. ప్రయాణికులు చదువుకోవడానికి పడవలో పుస్తకాలు ఉండేవి, దారిలోని రేవుల ఊళ్లకూ అవి అందేవి. తర్వాత ఆయన విజయవాడలో సర్వోత్తమ భవనం కేంద్రంగా గ్రంథాలయ సిబ్బందికి శిక్షణ కూడా ఇప్పించారు.

సేకరణలో పేరు తెచ్చుకున్నది వేటపాలెం సారస్వత నికేతనం. ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠి 1918లో దీన్ని స్థాపించారు. 1929లో గాంధీ ఇక్కడ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను నేటికీ అక్కడ భద్రపరిచారు. పెద్ద నగరాల్లోనూ దొరకని పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఈ ఊరికి వస్తారు.

నిజాం రాజ్యంలో ఇదే పని మరింత కష్టం. పాలన, ఉన్నత విద్య ఉర్దూలో ఉండేవి. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిశాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు శాసించింది. రాజకీయ సభకు దారి మూసుకుపోయినచోట నలుగురూ కలవడానికి గ్రంథాలయమే చోటైంది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం మాడపాటి హనుమంతరావు నాయకత్వంలో గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టించడాన్ని తన ముఖ్య లక్ష్యాల్లో చేర్చుకుంది. ఆంధ్ర మహాసభ ఆ పునాది మీదే 1930లో జోగిపేటలో మొదలైంది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు.

చందాల మీద నడిచే సంస్థలకు ఆయుష్షు తక్కువ. పూనుకున్న మనిషి ఊరు విడిస్తేనో, కన్నుమూస్తేనో తలుపులు మూతపడేవి. స్థిరమైన రాబడి కోసం చట్టం తేవాలని సంఘాలే పట్టుబట్టాయి. 1948 నాటి మద్రాసు చట్టం ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసే పద్ధతి తెచ్చింది. 1955లో హైదరాబాదు రాష్ట్రానికీ చట్టం వచ్చింది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం అమల్లోకి వచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థల ద్వారా శాఖలు నడిచే ఏర్పాటు స్థిరపడింది.

చట్టంతో రాబడికి దారి దొరికింది కానీ, స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం నిత్య ఫిర్యాదుగా మిగిలింది. మరోవైపు చందా కట్టిన సభ్యుడు, లెక్క అడిగిన కార్యవర్గం, పుస్తకం మోసిన కార్యకర్త చాలా ఊళ్లలో తెరమరుగయ్యారు. ప్రభుత్వం భవనానికీ, జీతాలకూ పూచీ పడగలదు. చదువరులను వెతికి పట్టుకొనే పని మాత్రం ఊరివాళ్లు సంఘంగా కూడినప్పుడే సాగింది. ఈ ఉద్యమ చరిత్ర తేల్చిచెప్పేది అదే.